మృదంగం మీది నల్లమచ్చ

మురమళ్ళలో వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న వీరేశ్వరస్వామికి ప్రతిదినం సాయంత్రం కల్యాణం జరుగుతుంది. చిన్నతనంలో ఆ మేళం వింటున్నప్పుడు నాకొక సందేహం కలిగేది. సన్నాయి పక్కన డోలు గుడంతా దద్దరిల్లేలా మోగుతుంది గాని, అది పలికేది ఫలానా స్వరమని నా చెవికి తెలిసేది కాదు. కచేరీలో మృదంగం మాత్రం తంబురా శ్రుతిలో చక్కగా కలిసిపోయేది. రెండూ తోలువాద్యాలే కదా, ఈ భేదమెక్కడిది?

సమాధానం చాలా ఏళ్ళకు, భౌతికశాస్త్రం చదివేటప్పుడు దొరికింది. తీగె మోగినప్పుడు మూలధ్వనితో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు పుడతాయి. ఆ పొందికనే మన చెవి స్వరంగా గుర్తిస్తుంది. అంతటా ఒకే మందం గల చర్మానికి ఆ పొందిక లేదు. దాని అనుస్వరాలు 1.59 రెట్లు, 2.14 రెట్లు, ఇలా లెక్క కుదరకుండా వస్తాయి.

మృదంగానికి ఆ పొందిక ఉన్నదని శాస్త్రలోకానికి చూపినవారు సి.వి. రామన్. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు, వయొలిన్ కూడా వాయించేవారు. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి రామన్ ‘నేచర్’ పత్రికలో మన తాళవాద్యాల గురించి రాశారు. 1934లో మరింత విపులమైన వ్యాసం ప్రకటించారు. చర్మంపై సన్నని ఇసుక చల్లి, అది ఎక్కడ కదలక నిలుస్తుందో పరిశీలించారు. తొమ్మిది రకాల కంపనాలు అయిదు అనుస్వరాలుగా సర్దుకుంటున్నాయని తేల్చారు. ఆ సర్దుబాటుకు మూలం మధ్యనున్న నల్లమచ్చ.

ఆ మచ్చ ఎలా వస్తుందో నేను చూశాను. మా ఇంటికి మృదంగం బాగుచేసేందుకు ఒక ముసలాయన వచ్చేవాడు. నల్లరాతి పొడిని అన్నంతో కలిపి నూరి, పలుచగా ఒక పూత వేసి, నున్నని రాతితో రుద్దేవాడు. ఆరాక వేలితో తట్టి వినేవాడు. తల ఆడించి మళ్ళీ పూత వేసేవాడు. ఇలా ఎన్ని పూతలో!

కళకూ శాస్త్రానికీ ఉమ్మడి నేల ‘సౌందర్యం’ అని పెద్దలంటారు. నాకు మాత్రం ఆ తట్టి వినడంలోనే అది కనిపిస్తుంది. ఒక్కటి మార్చి, ఫలితం చూసి, తప్పైతే ఒప్పుకొని మళ్ళీ మొదలుపెట్టడం. రామన్‌కు ఇసుక చెప్పింది, ఆయనకు చెవి చెప్పింది. ఎవరి మాటనూ మన్నించి చర్మం అబద్ధం పలకదు. భేదం లేకపోలేదు. రామన్ కారణాన్ని కనుగొని, ముక్కూ మొహం తెలియనివారికి సైతం అందేలా రాసిపెట్టారు. ఆ ముసలాయన విద్య చేతినుంచి చేతికే నడిచింది.

అయితే ఇంకొక భేదం ఉంది, అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. మృదంగం వాయించే విద్వాంసుణ్ణి మా తాతగారు పీట వేసి కూర్చోబెట్టేవారు. తోలు పనివాడు గనుక ఆయన మాత్రం అరుగు కింద, ఎండలో కూర్చుని పని చేసుకొనేవాడు. రామన్ వ్యాసాల సంవత్సరాలు నాకు కంఠస్థం. ఆ ముసలాయన పేరు నాకు తెలియదు. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు అడుగుదామనుకున్నాను, చెప్పగలిగినవారెవరూ మిగల్లేదు.

మీ ఊళ్ళో మృదంగానికి తోలు బిగించేవారు ఉంటే, మిత్రులారా, ముందు పేరు అడిగి రాసిపెట్టుకోండి.