ముక్కు కొలత - మనిషి విలువ



పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందు పిల్లను చూచివచ్చిన పెద్దలు ముందుగా ముక్కు మాట యెత్తుదురు. కోటేరువంటి ముక్కైన మెచ్చుకొందురు. చప్పిడిముక్కైన పెదవి విఱుతురు. ఇంటిలోని యీ ముచ్చటనే యొకప్పుడు దొరలు శాస్త్రమని చేపట్టిరి.

ముక్కు పైభాగము ఎముక. క్రిందిభాగము మృదులాస్థి, అనగా వ్రేలితో నొక్కిన వంగెడి మెత్తని యెముక. ముక్కు వెడల్పును 100చే గుణించి, పొడవుచే భాగించిన వచ్చు సంఖ్యను నాసికాసూచి యందురు. 70కి లోపైన సన్నముక్కు. 85కు మించిన వెడల్పుముక్కు. బెంగాలు కులములనుగూర్చి 1891లో గ్రంథము ప్రకటించిన రిస్లీదొర, ముక్కు వెడల్పైనకొలది కులము అంతస్తు తగ్గునని సిద్ధాంతము చేసెను. ఆయనయే 1901 జనాభా లెక్కలకు కమీషనరు! 1885లో మదరాసు మ్యూజియమునకు అధికారియైన థర్‌స్టన్‌దొర దక్షిణదేశమున ముక్కులు కొలిచి, రంగాచారిగారి తోడ్పాటుతో 1909లో ఏడు సంపుటములు వెలువరించెను.

కాని కొలతలే యా సిద్ధాంతమును నిలువనీయలేదు. ఒక్క కులములోనే సన్నముక్కులును వెడల్పుముక్కులును గలవు. ఘుర్యే పండితుడు 1932లో ఆ లెక్కలను పరిశీలించి, ఉత్తరదేశమున కొంతమేర దప్ప అవి కులక్రమమునకు సరిపడవని చూపెను. 1948లో అంబేడ్కరుగారు ముక్కు కొలతలనే యాధారముగా గొని, బ్రాహ్మణులును అస్పృశ్యులును ఒకే జాతివారని వాదించిరి.

మఱి ముక్కులలో భేదమేల? పీల్చెడి గాలిని వెచ్చజేసి, తడిపి, ఊపిరితిత్తులకు పంపుట ముక్కు పని. చలియు పొడిగాలియు గల దేశములలో సన్నని ముక్కులు, ఉక్కదేశములలో వెడల్పు ముక్కులు హెచ్చు. థాంసన్, బక్స్‌టన్ అనువారు 1923లో ఈ సంగతి వివరించిరి. 2017లో వెలువడిన పరిశోధన నాసికారంధ్రముల వెడల్పు విషయమున దీనిని బలపఱచెను. గాలికి తగిన ద్వారమేకాని గౌరవమునకు గుఱుతు కాదు.

థర్‌స్టన్‌దొర యేలిన యా మ్యూజియమునందే మన జగ్గయ్యపేట శిల్పములును గలవు. అవి బర్జెస్‌దొర 1882లో త్రవ్వించిన బౌద్ధస్తూపమునకు చెందినవి. ఆ స్తూపము కడ దొరకిన శాసనములో, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ యేట, నాగచంద్రుని కొడుకు సిద్ధార్థుడను శిల్పి అయిదు ఆయకస్తంభములు దానమిచ్చెనని యున్నది. తండ్రి పేరు, ఊరి పేరు, చేసిన దానము అందు గలవు. పదునేడువందల యేండ్లుగా ఆతడు నిలిచినది ఆ పనివలననే.

ఈసారి పెండ్లిచూపులకు పోయినప్పుడు, పెద్దలారా, పిల్ల ముక్కు విడిచి గుణమడుగుడు.