ఆకాశంలో మన నాగలి

గోండుల చరిత్రను ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ పాటగా చెబుతారు. ఆ చరిత్రలో ఒక పుట ఆకాశంలోనూ ఉంది.

బడిలో మనం మృగశిర అని, ఓరియన్ అని చదువుకున్న చుక్కల గుంపులో గోండు పెద్దలకు కనిపించేది నాగలి. గ్రీకులు అక్కడ వేటగాణ్ణి చూశారు. అందులోని మూడు చుక్కలు తెలుగు పల్లెల్లో గొల్లకావడి. ఎవరి బతుకు ఎట్లాంటిదో వారి ఆకాశమూ అట్లాంటిదే.

మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లలో సుమారు 15 గోండు గ్రామాలు తిరిగి, పెద్దలను అడిగి, 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆకాశాన్ని చూడడంలో గోండులది తమదైన, వేరైన చూపు అని అందులో చూపారు.

ఈ నాగలిని పోల్చుకోవడం కష్టం కాదు. దండారి ముగిసే దీపావళి అమావాస్య రోజుల్లో వెన్నెల అడ్డుండదు. రాత్రి పది దాటాక తూర్పుకు తిరిగి నిలబడండి. ఒకే తీరు వెలుగుతో మూడు చుక్కలు దగ్గర దగ్గరగా, నిలువు వరసలో ఉంటాయి. వాటికి కుడిపక్కన మసకగా మరో చిన్న వరస ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే నాగలి. ఎడమన ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. మూడు చుక్కల గీతను పైకి సాగదీస్తే ఎర్రని రోహిణి, ఇంకా పైన పిల్లలకోడి, అంటే కృత్తికలు, కనిపిస్తాయి.

వేసవిలో ఈ నాగలి సాయంత్రం పడమట దిగిపోతుంది. మిరుగం నాటికి సూర్యుని వెలుగులో కలిసిపోతుంది. అప్పుడే నేల మీద మన నాగళ్లు కదులుతాయి. పంటలు చేతికొచ్చే దండారి రోజులకు అది మళ్లీ రాత్రిపూట తూర్పున లేస్తుంది.

గుంజాలలో దొరికిన రాతప్రతులతో వెలుగులోకి వచ్చిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అక్షరాలకు దొరికిన ఆ భద్రత చుక్కల పేర్లకు ఇంకా దొరకలేదు. అవి పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. గూడేల్లో వీధిదీపాలు రావడం మంచిదే. కానీ ఆరుబయట మంచం వాల్చుకొని పిల్లలకు చుక్కలు చూపే రాత్రులు తగ్గిపోయాయి.

అందుకే యువతకు మా మనవి ఒక్కటే. ఈ దండారికి మీ ఊరి పెద్దలను వాకిట్లోకి పిలవండి. ఏ చుక్కను గోండిలో ఏమంటారో, దాని వెనక కథేమిటో వారి గొంతులోనే రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ రాసి పెట్టండి. అదే రేపటి మన చరిత్రకు ఆధారం.