మైకేల్ లెర్నరు – గాలపువేటకు, ఒక పల్లెకు చేసిన సేవ

నడిసముద్రమున మహామత్స్యములను గాలముతో పట్టుట ధనవంతుల వినోదమని లోకము తలచును. అది చాలవరకు నిజమే. న్యూయార్కునందు వస్త్రవిక్రయశాలల వలన సంపన్నుడైన మైకేల్ లెర్నరు కూడ వినోదమునకే సముద్రమున కేగెను. అయినను ఆ వినోదమును పరులకు ఉపకరింపజేసినవారిలో ఆయనను ముందుగా చెప్పవలెను.

కెనడాదేశపు నోవాస్కోషియా తీరమున వెడ్జ్‌పోర్టు అను పల్లె కలదు. ఫ్రెంచి భాష మాటలాడు అకేడియను జాలరులు అచ్చటివారు. మన తీరమున సూర అందురే, ఆ జాతిలోనివే, వందలకొలది కిలోలు తూగు ట్యూనా చేపలు వారి వలలను చించివేయుచుండెడివి. జనులు వానిని పీడగానే యెంచిరి. 1935లో లెర్నరు అచ్చటికి వచ్చి, జాలరిపడవలో కుర్చీ బిగింపించుకొని, గాలముతో వానిని పట్టి చూపెను. ఆ వార్త వ్యాపించి దూరదేశములవారు వచ్చిరి. 1937 నుండి అంతర్జాతీయ పోటీలు జరిగెను. వలలు చించిన చేపయే పల్లెకు ఆదాయమార్గమాయెను. ఆ నీటి గుట్టు తెలిసిన జాలరులు వచ్చినవారికి మార్గదర్శకులైరి.

ఇక ఆ క్రీడలో ఒక పెద్ద కొరత యుండెను. ఎవరు ఎంత చేపను పట్టిరన్న వాదమే గాని, ఎంత బలముగల దారముతో పట్టిరో, ఇతరుల చేయి సోకెనో లేదో తేల్చుటకు లోకమంతటికి చెల్లు నియమము లేదు. 1939లో ఆస్ట్రేలియా యాత్రలో అచ్చటివారితో ఈ విషయము చర్చించి, ఆ సంవత్సరమే జూన్ 7వ తేదీన న్యూయార్కులోని అమెరికను ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలయందు ఆయన అంతర్జాతీయ క్రీడామత్స్య సంఘమును నెలకొల్పెను. చిరకాలము దాని వ్యయమును తానే భరించెను. తొలి అధ్యక్షపదవి మాత్రము విలియం కింగ్ గ్రెగరీ అను శాస్త్రజ్ఞునకు దక్కెను. ధనమిచ్చినవారే పీఠమెక్కు సభలను ఎరిగినవారికి ఇది వింతగా తోచును. చేప గాలమునకు తగిలినది మొదలు పట్టువడువరకు వేటగాడు తప్ప మరొకరు గాలపుకర్రను తాకరాదన్న నియమము నేటికిని అమలులో నున్నది.

ఆయన పట్టిన చేపలు గోడలకు అలంకారములై నిలిచిపోలేదు. 1936 నుండి ప్రదర్శనశాల పక్షమున సాగిన యాత్రలలో శాస్త్రజ్ఞులు వెంట నుండి కొమ్ముకోనాము వంటి మహామత్స్యములను కొలిచి, కోసి, వాని ఆహారమును, దేహనిర్మాణమును పరీక్షించిరి. ఆయన భార్య హెలెను కూడ ఈ వేటలో నేర్పరి. 1948లో బహామా దీవులలోని బిమినీయందు ఆయన తోడ్పాటుతో సముద్ర పరిశోధనశాల వెలసినది. సొరచేపల నడవడిని గూర్చి అచ్చట విశేషకృషి జరిగెను. 1970 దశకమున అది మూతపడినది. లెర్నరు 1978లో మరణించెను.

వెడ్జ్‌పోర్టు తీరమున ట్యూనాలు తగ్గి ఆ పోటీలు ఆగిపోయినవి; నాటి గాలములను, ఛాయాచిత్రములను ఆ పల్లెవారు ఒక ప్రదర్శనశాలలో భద్రపరచుకొన్నారు.