రిజల్యూట్ బల్ల

అమెరికా అధ్యక్షుడి కార్యాలయంలో ఉండే ఓక్ కర్ర రాతబల్ల. ఆర్కిటిక్ మంచులో సిబ్బంది వదిలేసి వచ్చిన ఒక బ్రిటిష్ ఓడ కలపతో దీన్ని చేశారు. అధ్యక్షుల ఫొటోల పుణ్యమా అని పేరుకెక్కింది గాని, చెప్పుకోదగ్గ కథంతా ఓడదే.

ఆర్కిటిక్ గుండా పసిఫిక్‌కు చేరే వాయవ్య జలమార్గం వెతుకుతూ 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరెబస్, టెర్రర్ అనే ఓడల్లో వెళ్లాడు. గ్రీన్‌లాండ్ దాటిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్లను వెతకడానికి 1852లో సర్ ఎడ్వర్డ్ బెల్చర్ వెంట బయల్దేరిన అయిదు ఓడల్లో హెచ్.ఎం.ఎస్. రిజల్యూట్ ఒకటి. దాని కెప్టెన్ హెన్రీ కెల్లెట్. ఫ్రాంక్లిన్ మనుషులు దొరకలేదు. అయితే 1853లో రిజల్యూట్ అధికారి బెడ్‌ఫోర్డ్ పిమ్ మంచు మీదుగా వెళ్లి, అంతకుముందే ఫ్రాంక్లిన్‌ను వెతకబోయి మెర్సీ అఖాతంలో చిక్కుకుపోయిన ఇన్వెస్టిగేటర్ ఓడవాళ్లను చేరుకున్నాడు. ఆ ప్రయాణం పూర్తిగా వృథా కాలేదనడానికి ఇదొక్కటి చాలు.

1854లో మంచులో బిగుసుకున్న ఓడలను వదిలేయమని బెల్చర్ ఆజ్ఞాపించాడు. ఓడ గట్టిగానే ఉందని కెల్లెట్ ఎదురుచెప్పినా ఫలితం లేకపోయింది. చివరికి ఆయన మాటే నిజమైంది. మనిషన్నవాడు లేకుండా రిజల్యూట్ దాదాపు 1,900 కిలోమీటర్లు కొట్టుకుపోయి, 1855 సెప్టెంబరులో అమెరికన్ తిమింగల వేటగాడు జేమ్స్ బడింగ్టన్ కంటపడింది. అమెరికా కాంగ్రెస్ దాన్ని 40,000 డాలర్లకు కొని, బాగుచేయించి, 1856 చివర్లో విక్టోరియా రాణికి తిరిగి అప్పగించింది. రెండు దేశాల మధ్య పొరపొచ్చాలున్న రోజులవి. ఇంత చవగ్గా స్నేహం కొనుక్కోవడం అరుదు.

1879లో ఓడను సేవ నుంచి తప్పించి, విప్పేశారు. ఆ కలపతో చాథమ్ నౌకాశాలలో విలియం ఎవెండెన్ బల్ల తయారుచేశాడు. 1880 నవంబరులో అది రాణి కానుకగా అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్‌కు చేరింది. ఓడ చరిత్ర దాని ఫలకం మీద చెక్కి ఉంటుంది.

పోలియో వల్ల కాళ్లకు వేసుకున్న లోహపు పట్టీలు కనబడకుండా ముందువైపు తలుపు పెట్టించమన్నాడు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. అది అమరేసరికి ఆయన లేడు. 1963లో కెనెడీ చిన్న కొడుకు తొంగిచూస్తున్న ప్రసిద్ధ ఫొటోలోనిది ఆ తలుపే. బల్లను అధ్యక్షుడి కార్యాలయమైన ఓవల్ ఆఫీసుకు మొదట తెచ్చింది కెనెడీయే, 1961లో. ఆయన మరణం తర్వాత ప్రదర్శనలకూ స్మిత్సోనియన్ మ్యూజియానికీ వెళ్లిన బల్లను 1977లో కార్టర్ వెనక్కి తెప్పించాడు.

ఇదే ఓడ కలపతో చేసిన మరో బల్ల, జాన్ ఫ్రాంక్లిన్ గాలింపుకు సొంత డబ్బు ఖర్చుపెట్టిన అమెరికన్ వర్తకుడు హెన్రీ గ్రినెల్ భార్యకు అందింది. ఇప్పుడది న్యూ బెడ్‌ఫోర్డ్ తిమింగల వేట మ్యూజియంలో ఉంది.