తల్లి బిడ్డల రక్షణలో లెక్క చేసిన మేలు



రోగముల చరిత్రము చెప్పువారు సాధారణముగా వైద్యుల చరిత్రమును, మందుల చరిత్రమును చెప్పుదురు. నేను గణితము బోధించి జీవించినవాడను గనుక, నేటి ప్రసంగమున ఒక రోగమును నిలుపుటలో లెక్క చేసిన పనిని చెప్పదలచితిని. ఆ రోగము హెచ్.ఐ.వి. అది తల్లినుండి బిడ్డకు సంక్రమింపకుండ ఆపుట నేడు సాధ్యమైనది. ఆ సాధ్యత వెనుక మందుతోబాటు లెక్కయు నిలిచియున్నది. జహీరాబాదు ప్రాంతపు పెద్దలు ఈ సంగతి తెలిసికొనుట అవసరమని నా అభిప్రాయము. ఏలయన, ఈ లెక్కలో చివరి అంకె మన ఇండ్లలోనే తేలవలసియున్నది.

లెక్క మనకు క్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనుగు చేసెను. అక్షరము రాని రైతు సహితము చక్రవడ్డీ లెక్కను నోటితో చెప్పగలడు. ఈ యేటి వడ్డీని అసలులో కలుపును. మరుసటి యేడు ఆ మొత్తముపై వడ్డీ కట్టును. ఇట్లు ఏటికొక మెట్టుగా పోవును. ఒక్కసారిగా తేలని సమస్యను చిన్న చిన్న మెట్లుగా విరిచి, ఒక మెట్టు ఫలమును తరువాతి మెట్టునకు పెట్టుబడిగా వాడుటయే గణితశాస్త్రమున సంఖ్యాపద్ధతి. స్విట్జర్లాండున జన్మించిన ఆయిలరు అను మహాపండితుడు 1768లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్గమును శాస్త్రీయముగా నిరూపించెను. నేటి గణనయంత్రములు చేయునదియు ప్రధానముగా ఇదియే; వేగమే భేదము.

ఈ లెక్కను రోగములకు పట్టించిన వారిలో ముఖ్యుడొకడు మనకు సమీపమున పనిచేసినవాడే. జహీరాబాదునుండి సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసు అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఇంతవరకు పలువురెరిగినదే. ఆయన గణితమునందును ఆసక్తి గలవాడని ఎరిగినవారు తక్కువ. దోమలన్నిటిని చంపనిదే మలేరియా పోదని నాటివారు నిరాశ చెందుచుండిరి. రాసు లెక్క కట్టి, అన్నిటిని చంపనక్కరలేదు, వాని సంఖ్యను ఒకానొక మేరకు దిగువకు తెచ్చిన చాలును, రోగము తనంత తానే క్షీణించునని 1911 నాటి తన గ్రంథమున చూపెను. రోగమును నిర్మూలింప దాని గొలుసును తగినంత బలహీనపరచుట చాలునన్నదే ఆ లెక్క నేర్పిన పాఠము.

రాసుతో కలిసి పనిచేసిన మెకెండ్రిక్కు అను వైద్యుడు కసౌలిలో పాశ్చరు సంస్థకు అధిపతిగా ఉండి, తరువాత స్కాట్లాండు చేరెను. అచ్చట ప్రయోగశాలలో జరిగిన ప్రమాదమున 1924లో చూపు కోల్పోయిన కెర్మాకు అను శాస్త్రజ్ఞునితో కలిసి, 1927లో అంటురోగముల వ్యాప్తికి సమీకరణములు కూర్చెను. వారు తమ లెక్కను సరిచూచుకొనుటకు గ్రహించినవి 1905-06లో బొంబాయి నగరమున ప్లేగుచే మరణించిన వారి వారపు సంఖ్యలు. ఆ సమీకరణములు పూర్తిగా విడిపోవునవి కావు. ఉజ్జాయింపుగా సాధించియే వారు ఫలము తీసిరి.

ఇక హెచ్.ఐ.వి. సంగతికి వత్తము. మన దేశమున ఇది తొలుత 1986లో మదరాసులో బయటపడెను. ఈ క్రిమి దేహమున ప్రవేశించిన పిదప పెక్కేండ్లు రోగి ఆరోగ్యముగనే కనబడును. ఆ కాలమున క్రిమి నిద్రించుచుండునని వైద్యులు తలచుచుండిరి. 1995-96లో డేవిడ్ హో అను వైద్యుడును, అలన్ పెరెల్సన్ అను గణితవేత్తయు మరికొందరును ఆ తలంపును తారుమారు చేసిరి.

వారి యుక్తి మన చెరువును బట్టి సులభముగా తెలియును. చెరువులో నీటిమట్టము కదలకున్నచో నీరు నిలువయున్నదని తోచును. కాని వాగునుండి వచ్చునంత నీరు తూమునుండి పోవుచుండినను మట్టము కదలదు. నిజమెట్లు తెలియును? వాగునకు అడ్డుకట్ట వేసి, మట్టమెంత వడిగా దిగునో చూచిన చాలును. క్రిమి పుట్టుకను ఆపు మందునిచ్చి, నెత్తురులో దాని సంఖ్య ఎట్లు తగ్గునో వారు కొలిచిరి. అది సుమారు రెండు దినములలోనే సగమునకు దిగెను. కావున చికిత్స లేని దేహమున దినమునకు సుమారు వేయికోట్ల క్రిములు పుట్టుచు, అన్నియే చచ్చుచున్నవని తేలెను. అది నిద్ర కాదు, ఎడతెగని యుద్ధము.

ఈ అంకెనుండి మరియొక ఫలము వచ్చెను. ఇన్ని కోట్ల ప్రతులు పుట్టునపుడు నకలులో తప్పులు దొరలకమానవు. ఒక్క మందును ఎదిరింపగల ప్రతి ఏదో ఒకటి దినదినము పుట్టుచునే యుండును. కాని మూడు మందులను ఒకేమారు ఎదిరింపవలెనన్న మూడు తప్పులు ఒక్క ప్రతిలోనే కూడవలెను. అది మిక్కిలి అరుదు. ఒక్క మందు కాలక్రమమున ఓడునని, మూడు మందులు కలిసి నిలుచునని ఇందుచే స్పష్టమయ్యెను.

తల్లిబిడ్డల విషయమున చరిత్ర సరిగా ఈ త్రోవనే నడచినది. మందేమియు లేనిచో నూర్గురు తల్లుల బిడ్డలలో 15 మొదలు 45 మంది వరకు సోకును. 1994లో అమెరికా, ఫ్రాన్సు దేశముల పరిశోధనలో జిడోవుడిన్ అను మందుచే ఆ సంఖ్య నూటికి 25నుండి 8 ప్రాంతమునకు దిగెను. అది ఖరీదైన దీర్ఘచికిత్స. 1999లో ఆఫ్రికాలోని యుగాండాలో నెవిరాపిన్ అను మందును నొప్పులు మొదలైనప్పుడు తల్లికి ఒక మాత్ర, పుట్టిన మూడు దినములలోపల బిడ్డకు ఒక మోతాదు ఇచ్చుటచేతనే సంక్రమణము సుమారు సగమునకు తగ్గునని తేలెను. చౌకయైన ఈ పద్ధతితో మన దేశమున 2002లో జాతీయ కార్యక్రమము ఆరంభమయ్యెను. ఆనాడు రోగబాధ మిక్కుటముగానున్న రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఆ ఒక్క మాత్ర వేలకొలది బిడ్డలను కాచెను. అయినను లెక్క చెప్పిన లోపము దానియందు కలదు. ఒంటరి మందును ఎదిరించు క్రిములు పలువురు తల్లుల దేహములలో మిగిలెను. అందుచే 2012 సెప్టెంబరునుండి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములలో ముందుగా బహుమందుల పద్ధతి ప్రవేశించెను. 2014 జనవరి 1నుండి, రక్తపరీక్షలో రోగబలమెంతయని చూడక, గర్భిణులందరకు జీవితాంతము మూడు మందులిచ్చు నిర్ణయము అమలులోనికి వచ్చెను. వెలలు దిగుటయు తోడ్పడెను. ఏటికి పదివేల డాలర్లకు మించియున్న చికిత్సను 2001లో బొంబాయి సిప్లా సంస్థ ధర్మసంస్థలకు 350 డాలర్లకే ఇవ్వజూపెను. మన హైదరాబాదునందలి హెటిరో, అరబిందో సంస్థలు ఈ మందులను తయారుచేసి లోకమునకు పంపుచున్నవి. చికిత్స సక్రమముగా సాగినచో నేడు సోకు బిడ్డలు నూటికి అయిదుగురికన్న తక్కువ.

పెద్దలారా, ఇక మన ఇండ్లలోని లెక్కకు వత్తము. ఈ రక్షణ అయిదు కవాటములు గల మార్గము. తొలి నెలలలో పరీక్ష. వెంటనే మందు ఆరంభము. కాన్పువరకు తప్పక మ్రింగుట. బిడ్డకు నెవిరాపిన్ పానకము. పాలిచ్చు కాలమున మందును నియమమును. ఒక్కొక్క కవాటమున నూటికి పదుగురే తప్పిపోదురని ఊహింపుడు. నూర్గురు తొంబదియగుదురు, తొంబది ఎనుబదియొకటి, పిదప డెబ్బదిమూడు, అరువదియారు, తుదకు ఏబదితొమ్మిది. ప్రతిచోట స్వల్పలోపమే, కడకు నలువదియొక్క తల్లులకు పూర్ణరక్షణ లేకపోయెను. 2014 నిర్ణయము రోగబలమును కొలుచు కవాటమునే తీసివేసినది గనుకనే అంత మేలు చేసినది.

తక్కిన కవాటములను తెరచియుంచుట ప్రభుత్వము చేతిలో కన్న కుటుంబము చేతిలో నెక్కువగా ఉన్నది. మన ఆచారము ననుసరించి తొలి కాన్పునకు కోడలిని పుట్టింటికి పంపుదుము. జహీరాబాదు సరిహద్దు ప్రాంతము. ఆ పుట్టిల్లు బీదరు జిల్లాలో, వేరు రాష్ట్రమున ఉండవచ్చును. చీరసారెలతోబాటు మందుల చీటియు మాత్రలును వెళ్ళకున్నచో మూడవ కవాటము అచ్చటనే మూతపడును. పుట్టిన బిడ్డ నాలుకకు తేనెయో చక్కెరనీరో మేకపాలో తాకించుట మరియొక ఆచారము. తల్లిపాలతో ఇతరాహారము కలిపిన బిడ్డలకు, తల్లిపాలు మాత్రమే త్రాగిన బిడ్డలకన్న రోగభయమెక్కువయని దక్షిణాఫ్రికాలోని డర్బనులో 1999లో తేలెను. కావున తల్లి మందు వాడుచు ఆరు మాసములు తన పాలు మాత్రమే ఇచ్చుట ఉత్తమము. ఆరవ వారమున బిడ్డకు పరీక్ష చేయింపవలెను.

అన్నిటికన్న మొదటి కవాటమును మూయునది సిగ్గు. కోడలికి పరీక్షయా, లోకులేమందురో యను మాట ఒక్కటి చాలును, తక్కిన నాలుగును వ్యర్థమగుటకు. ఈ జబ్బు పెక్కుచోట్ల భర్తవలన ఇల్లు చేరును. నింద మాత్రము భార్యపై పడును. మన పట్టణము హైదరాబాదు బొంబాయి రహదారిపై నున్నది. పనికై దూరము పోవువారు మనలో పలువురు. కావున గర్భిణియొక్క పరీక్షతోబాటు భర్తయు పరీక్ష చేయించుకొనుట న్యాయము. 2017లో చేసిన శాసనము రోగిని వివక్షతో చూచుటను నిషేధించి, రహస్యమును కాపాడుటను విధించినది. శాసనము దవాఖానలో కాపాడును. ఇంటి వసారాలో కాపాడవలసినది ఇంటి పెద్దయే.

సికిందరాబాదులో దోమను చీల్చిన రాసు, గొలుసును తగినంత బలహీనపరచిన చాలునని చెప్పెను. తల్లిబిడ్డల విషయమున గొలుసు తెగుటకు కావలసిన మందు మనకు సర్కారు దవాఖానలో వెలలేక దొరకుచున్నది. మీ ఇంట గర్భిణి యున్నచో మూడవ నెల నిండకమునుపే ఆమెను పరీక్షకు తీసికొనిపొండు. ఫలమేదైనను మాట తూలక, మందు తప్పనీయక, పుట్టింటికి పోవునపుడు చీటిని మీ చేతులతో కట్టి పంపుడు.