ప్రార్థనయా, రాజకీయమా?

ఆషాఢము వచ్చినదనగా మా చిలకలగూడలో కట్టమైసమ్మ గుడి చుట్టు వేపాకుల వాసనయు, డప్పుల మ్రోతయు నిండిపోవును. స్త్రీలు బోనము లెత్తుకొని బారులు తీరి నడచుచుందురు. కొన్నాళ్లు గడచిన పిమ్మట అదే వీధిలో వినాయకుని పందిళ్లు వెలయును. రంజాను నెలలో ఆ దారినే హలీము బట్టీలు రాజును. ఆదివారము ప్రొద్దున రైలు ఉద్యోగుల కుటుంబములు కొన్ని చర్చికి పోవుచుండును. ఇంతవరకు ముచ్చటగనే యున్నది. కాని ఎన్నికల సంవత్సరమైనచో ప్రతి పందిటి ముందును దేవుని బొమ్మకంటె పెద్దవిగా నాయకుల ముఖములు లేచును. పండుగ ఎవరిదో, పందిరి ఎవరిదో తెలియని స్థితి కలుగును.

మతము ఇంటిలో నుండవలెను, రాజకీయము వీధిలో నుండవలెను అని చదువుకొన్న కుటుంబములలో తరచు వినుచుందుము. ఈ వ్యాసకర్తయు ఆ మాట పలుమార్లు అన్నవాడే. అయితే ఆ గీత ఎవరు గీయవలెను? ఏది ప్రార్థన, ఏది రాజకీయము అని నిర్ణయించు అధికారము ఎవరిది? ఈ ప్రశ్న మా పేటకు చేరువనే 1938లో ఎట్లు పుట్టెనో, దానివలన ఏమేమి జరిగెనో తెలిసికొన్నచో, ఈ మాట అంత తేలికగా అనజాలము.

ముందుగా స్థలమును గూర్చి రెండు మాటలు. హుస్సేనుసాగరమునకు దక్షిణమున నిజాము నగరము. ఉత్తరమున సికందరు జాహు పేరిట 1806లో పేరు పొందిన సికింద్రాబాదు, ఆంగ్లేయ సైన్యముల దండు. దండు ప్రదేశము రెసిడెంటు అధికారమున నుండుటచే నిజాము ఉత్తరువులు అచట నేరుగా చెల్లెడివి కావు. 1945లో గాని ఆ యేర్పాటు తొలగలేదు. చెరువునకు ఒక వైపున ఒక న్యాయము, రెండవ వైపున మరియొక న్యాయము. 1874లో రైలు వచ్చినది మొదలు తెలుగువారు, తమిళులు, మహారాష్ట్రులు, ఉర్దూ మాటలాడువారు, ఆంగ్లో ఇండియనులు పొట్టకూటికై ఈ స్టేషను చుట్టును చేరిరి. ఇరుగుపొరుగున బ్రతుకుటలో వారికి మతము పెద్ద ఆటంకముగా తోచినట్లు లేదు. ఆటంకము మరియొక చోట పుట్టినది.

నిజాము రాజ్యమున రాజకీయమను మాటయే నిషిద్ధము. గస్తీ నిషాను 53 అను ఉత్తరువును బట్టి సభ చేయుటకు ముందుగా అనుమతి పొందవలెను. అధికారికి అనుమానము కలిగినచో అనుమతి రాదు. ఇక మతవిషయమునకు వత్తము. హిందువులును ముస్లిములును తనకు రెండు కన్నులని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ అనుచుండెడివాడని పెద్దలు నేటికిని చెప్పుదురు. అది వట్టి మాట కాదు. భద్రాచలము వంటి ఆలయములకును ఆయన ఖజానానుండి ధనము పోయెడిది. కాని ధనమిచ్చు చేయి కళ్లెమును కూడ పట్టుకొనును గదా! ఉమూరె మజహబీ అను మతవ్యవహారముల శాఖ యుండెడిది. క్రొత్త గుడి కట్టుటకు అనుమతి, హోమకుండమునకు అనుమతి, బయటినుండి ప్రచారకుడు వచ్చుటకు అనుమతి. ఇట్లు రాజ్యమే మతమును తన కచ్చేరీలోనికి తెచ్చుకొనినది.

రాజకీయపు తలుపు మూసినపుడు జనులు ఏ తలుపు తెరచియున్నచో దానినే తట్టుదురు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో సంఘసంస్కారసభ జరిగినది. అధ్యక్షులు వితంతువుల విద్యకై పాటుపడిన కర్వే పండితులు. హిందూ సంఘసంస్కారమను పేరు క్రింద మహారాష్ట్రులు, తెలుగువారు, కన్నడిగులు ఒకచోట కూడిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినంతనే సభలో గోల చెలరేగెను. ఆ రాత్రియే తెలుగువారు వేరుగా కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వైచిరి. మతము పేర కలిసినవారు భాష పేర విడిపోయిరని దీనిని కొందరు నిందింతురు. నాకట్లు తోచదు. ఒక మతము పేరు పెట్టుకొన్నంత మాత్రమున అందరి కష్టసుఖములు ఒకటి కావని ఆ సాయంకాలము బయటపడినది, అంతియే. ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ యయ్యెను. నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీల సభయు అచటనే జరిగినది. గ్రంథాలయములు, బాలికల చదువు, వెట్టిచాకిరి మొదలగు విషయములే వారి తీర్మానములలో నుండెడివి. ఆ బాట నిదానమైనది. నిదానమైన బాట అందరికిని నచ్చదు.

ఇక 1938. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములు మా పేటకు నడచిపోదగిన దూరము. అచ్చటి విద్యార్థులు తమ ప్రార్థనమందిరమున వందేమాతరము పాడుకొనుచుండిరి. నవంబరు నెలలో ఔరంగాబాదు కళాశాలలో మొదలైన నిషేధము ఇచ్చటికిని వచ్చెను. పాడరాదన్నవారి వాదము, ఇది ప్రార్థన కాదు, రాజకీయ గీతము, అన్యమతస్థుల మనస్సు నొప్పించును అని. పాడుదుమన్నవారి వాదము, ఇది మా ప్రార్థన, మా మందిరములో మేము పాడుకొందుము అని. చదువరులు ఒక్క క్షణమాగి చూడవలెను. ఆ యువకులకు ఆ గీతము దేశభక్తిగీతమని తెలియదా? తెలియును. తెలిసియు ప్రార్థన యని వాదింపవలసి వచ్చెను. ఏలయనగా దేశభక్తికి ఆ రాజ్యమున చోటు లేదు. ప్రార్థనకు కొంత కలదు. ఇక నిషేధించినవారి మాటలో సత్యమే లేదందుమా? అదియు కాదు. ఆ గీతపు చివరి చరణములలో దుర్గాస్తుతి యున్నదని ముస్లిములు చెప్పిన అభ్యంతరమును పాటించి, మొదటి రెండు చరణములే సభలలో పాడవలెనని అంతకు సంవత్సరము ముందు, 1937 అక్టోబరులో, కాంగ్రెసు కార్యవర్గమే నిర్ణయించియుండెను. ఈ సంగతి హైదరాబాదులో ఉభయపక్షముల వారును మరచిరి. వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో ననేకులను నాగపురము విశ్వవిద్యాలయము చేర్చుకొనెను.

విద్యార్థుల కథ యిట్లుండగా పెద్దల కథ మరింత చిక్కుపడినది. ఆ సంవత్సరమే హైదరాబాదు స్టేటు కాంగ్రెసు ఏర్పడుచుండెను. బాధ్యతాయుత ప్రభుత్వము వారి కోరిక. ఇంకను సభ్యులను చేర్చుకొనుచుండగనే సెప్టెంబరులో సర్ అక్బరు హైదరీ ప్రభుత్వము దానిని నిషేధించెను. చూపిన కారణము విచిత్రము: ఇది మతసంస్థ యట! సభ్యులలో హిందువులు మెండుగా నున్నందున మతసంస్థ యైనచో, ఆ రాజ్యమున ఏ ఊరి పంచాయతి మతసంస్థ కాకపోవును? అక్టోబరు 24న గోవిందరావు నానల్ మొదటి దళమునకు నాయకుడై సత్యాగ్రహము చేసెను. ఆ దళములో తెలుగువాడైన రావి నారాయణరెడ్డిగారుండిరి. సిరాజుల్ హసన్ తిర్మిజీ వంటి ముస్లిములును ఆ ఉద్యమమున పాల్గొనిరి.

ఇంచుమించు ఆ దినములలోనే ఆర్యసమాజమువారును, హిందూమహాసభవారును వేరుగా సత్యాగ్రహము లారంభించిరి. ఆర్యసమాజమువారి ఫిర్యాదులు కల్పితములు కావు. హోమమునకు, జెండాకు, ఉపన్యాసమునకు ఎదురైన అడ్డంకులను వారు చెప్పుకొనిరి. వానిని తొలగింపుమనుట న్యాయమే. ఐనను ఒకే నగరమున, ఒకే వారములో, మూడు దళములు చెరసాలకు నడచుచుండగా, వీరు ఓటు హక్కునకై పోవువారు, వీరు హోమకుండమునకై పోవువారు అని చూచువాని కెట్లు తెలియును? ఇది మతసంస్థ యని ప్రభుత్వము వేసిన నింద దానంతటదియే నిజమువలె కనబడసాగెను. గాంధీజీ సలహాపై స్టేటు కాంగ్రెసు డిసెంబరు 24న, సరిగా రెండు నెలలకు, తన సత్యాగ్రహమును నిలిపివేసెను. ఆర్యసమాజమువారు సోలాపురమున లోకనాయక ఆణే అధ్యక్షతన మహాసభ జరిపి, 1939 ఆగస్టు వరకు పోరాటము సాగించి, కొన్ని సౌకర్యములు సాధించుకొనిరి.

ఈ విరమణ మంచిదా చెడ్డదా యని నాటినుండియు వాదము కలదు. చెరసాలలో నున్న యువకులు మోసపోయినట్లు బాధపడిరి. వారి బాధ సహజము. మంచిదే యని నా అభిప్రాయము. మతభేదము లేని రాజ్యము కోరువారు మతభేదముతో నడచు ఊరేగింపులో కలిసిపోయినచో, గెలిచినను ఆ గెలుపు వారిది కాదు. కాని ఈ మంచిపనికి పెద్ద వెల చెల్లింపవలసి వచ్చినదని కూడ ఒప్పుకొనవలెను. కాంగ్రెసు నోరు మూసికొనినను నిషేధము తొలగలేదు. 1946 వరకు ఉండెను. ఆ ఎనిమిది సంవత్సరములలో మైదానము ఎవరికి మిగిలెను? ఒక వైపున ఆర్యసమాజము, రెండవ వైపున 1927లో పుట్టిన ఇత్తెహాదుల్ ముస్లిమీను. ముస్లిము లందరును ఈ రాజ్యమునకు ప్రభువులే, నిజాము వారి ప్రభుత్వమునకు చిహ్నము మాత్రమే యని బహదూరు యారు జంగు తన వాగ్ధాటితో బోధించుచుండెను. రిక్షా త్రొక్కు ముస్లిమునకు ఆ ప్రభుత్వములో దక్కిన దేమో ఆ బోధలో లేదు.

1939 జులైలో ప్రకటించిన సంస్కరణలు ఈ రోగమును ముదురబెట్టినవి. జనసంఖ్యలో పదింట ఒక వంతునకు కొంచెము మించిన ముస్లిములకును, హిందువులకును శాసనసభలో సమానముగా స్థానము లిచ్చిరి. మతమునుబట్టి స్థానములు పంచినచో తల లెక్కయే రాజకీయమగును. ఎవనిని ఏ మతములో వ్రాసికొనవలెనను పోటీ మాలమాదిగ పల్లెలకు ప్రాకినది. ఒకరు శుద్ధి యనిరి, ఒకరు తబ్లీగు అనిరి. పంచములను పేరు మాకు వలదు, ఈ దేశపు మొదటి ప్రజలము, ఆది హిందువులము అని భాగ్యరెడ్డివర్మగారు అంతకు ముందు ఎన్నియో యేండ్లుగా చెప్పుచు వచ్చిరి. ఆయన మాటలో ఆత్మగౌరవముండెను. లెక్క వ్రాసికొనువారికి కావలసినది సంఖ్య.

ఈ నడుమ వేరొక దారి లేకపోలేదు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడు యూనియను కాంగ్రెసుకు నాయకుడు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీను. స్టేటు కాంగ్రెసుకు నాయకుడు స్వామి రామానంద తీర్థ, సాక్షాత్తు కాషాయధారి. సన్న్యాసియై యుండియు తన సంస్థ ఏ ఒక్క మతమువారిదియు కాదని ఆయన పట్టుబట్టెను. బట్టల రంగునుబట్టి మనుష్యుని రాజకీయమును ఊహించుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

1948 నాటికి మాటలు కత్తులైనవి. కాసిం రజ్వీ రజాకార్లు గ్రామములపై పడిరి. హైదరాబాదు భారతదేశమున కలియవలెనని ఏడుగురు ముస్లిము పెద్దలు ఆగస్టులో బహిరంగముగా ప్రకటించిరి. ఆ ప్రకటనను అచ్చువేసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖానును అదే నెలలో ఒక రాత్రి ఇంటికి వచ్చుచుండగా చంపిరి. వ్రాసిన చేతిని నరికిరి. ఆయన ముస్లిము, చంపినవారు ముస్లిముల పేర చంపిరి. సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించి అయిదు దినములలో పని ముగించెను. మన చరిత్రపాఠములు సాధారణముగా ఇచ్చట నిలిచిపోవును. నిలువరాదు. అటుపిమ్మట బీదరు, ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు జిల్లాలలో రజాకార్లతో సంబంధము లేని ముస్లిము కుటుంబములు వేలకొలది బలియైనవి. ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు సంఘమువారు తిరిగి చూచి, చనిపోయినవారి సంఖ్య తక్కువలో తక్కువ 27 వేలు, 40 వేల వరకు నుండవచ్చునని వ్రాసిరి. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దముల తరబడి ప్రకటింపలేదు. రజాకార్ల దౌర్జన్యములను మా పెద్దలు కథలు కథలుగా చెప్పగా వింటిని. ఈ రెండవ సంగతి నా చిన్నతనమున మా ఇంట ఎవరును ఎత్తలేదు. అడుగవలెనని నాకును తోచలేదు.

1938లో వందేమాతరము పాడినందుకు బహిష్కృతులై నాగపురము చేరినవారిలో వరంగల్లు కళాశాల విద్యార్థి యొకడుండెను. ఆయన పేరు పాములపర్తి వేంకట నరసింహారావు. 1991లో ఆయన భారత ప్రధానమంత్రి యయ్యెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చబడిన దినమున, ఆ ఊరేగింపు ప్రార్థనయా రాజకీయమా యని తేల్చవలసిన ఆసనముపై కూర్చుండినవాడు ఆయనయే.