స్వేచ్ఛ (ఆపరేటింగ్ సిస్టం)

స్వేచ్ఛ అనేది డెబియన్ గ్నూ/లినక్స్ ఆధారంగా తెలుగువారి కోసం రూపొందిన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం. ఇదే పేరుగల స్వచ్ఛంద సంస్థ దీన్ని విడుదల చేసింది. మెనూలు తెలుగులో ఉండటం దీని ముఖ్య ప్రత్యేకత.

దీని స్థిరత్వానికి మూలం డెబియన్. 1993లో మొదలైన ఆ ప్రాజెక్టు స్టేబుల్ శాఖలో కొత్త హంగుల కన్నా బాగా పరీక్షించిన ప్యాకేజీలకే చోటు. విడుదలయ్యాక ప్రధానంగా లోపాల సవరణలే చేరతాయి. రోజువారీ వాడుకరి ఖాతా, సిస్టంను మార్చగల రూట్ ఖాతా వేర్వేరు కావడం భద్రతకు ఆధారం.

తెలుగు లిపి యూనికోడ్‌లో 0C00–0C7F శ్రేణిలో ఉంది. ‘లక్ష్మి’ అనే మాటకు 7 సంకేతాలు కావాలి. వాటిని వత్తులు, గుణింతాలుగా కూర్చే పని సిస్టందే. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో ఈ సౌకర్యం కల్పించినా, దాన్ని కంట్రోల్ ప్యానెల్‌లో విడిగా ఎంచుకోవాల్సి వచ్చేది.